మాను తినే దాయాదులు

పుట్టగొడుగు అంటే మనవాళ్లకు మొదటినుంచీ గౌరవం తక్కువే. అక్కరలేనివి ఊరినిండా పెరిగిపోతే "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అంటాము. తినడానికి పనికిరానిదైతే "కుక్కగొడుగు" అని ఇంకొక మెట్టు కిందికి దింపుతాము. సంస్కృతంలో మాత్రం దీనికి శిలీంధ్రమని ఘనమైన పేరున్నది. మేఘం ఉరిమితే నేల శిలీంధ్రాలు మొలిపిస్తుందని కాళిదాసు మేఘసందేశంలో అన్నాడు. అక్కడ ఆ మాటకు పుట్టగొడుగని కొందరూ, కందళి అనే వానకాలపు మొక్క అని కొందరూ అర్థం చెప్పినారు. ఆ తగవు పండితులకు వదిలేద్దాం. ఈనాటి శాస్త్రగ్రంథాలలో బూజు మొదలుకొని పుట్టగొడుగు దాకా ఆ జాతికంతటికీ శిలీంధ్రాలనే పేరు స్థిరపడిపోయింది.

ఈ వారం నేను చెప్పదలచినది గొడుగు ఆకారమే లేని శిలీంధ్రాన్ని గురించి. ఇది చెట్టు మొదట్లో, గోడకు దిగగొట్టిన చిన్న బల్లచెక్కలాగా, అడ్డంగా పొడుచుకు వస్తుంది. పట్టుకుంటే మెత్తగా ఉండదు, కొయ్యలాగే గట్టి. పైభాగం ఎర్రగా, నున్నగా, ఏటికొప్పాక లక్కబొమ్మలాగా నిగనిగలాడుతుంది. అడుగున తెల్లగా, సూదిమొనతో పొడిచినట్టు సన్నసన్నని రంధ్రాలు. ఇంగ్లండులో కర్టిస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1781లో దీన్ని వర్ణించి, లాటిన్ భాషలో "మెరిసేది" అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. తరువాత 1881లో ఫిన్లండు దేశపు కార్‌స్టెన్ దీనికి వంశనామం ఇచ్చాడు: గానోడెర్మా. గ్రీకు భాషలో గానోస్ అంటే మెరుపు, డెర్మా అంటే చర్మం. మెరుగుతోలు అన్నమాట. పేర్లు పెట్టినవాళ్లిద్దరూ ఆ మెరుపుకే పడిపోయినారు!

మా కాలేజీలో కోనసీమ కుర్రవాడొకడు సెలవులకు ఇంటికి వెళ్లి వస్తూ, కాగితంలో చుట్టి ఇలాంటిదొకటి తెచ్చి నా బల్లమీద పెట్టాడు.

"ఎంత అందంగా ఉందో చూడండి మాస్టారూ! కాని ఇది మొలిచిన చెట్టు మాత్రం ఇంక దక్కదంటున్నారండి మా నాన్నగారు" అన్నాడు.

ఆ కుర్రవాడి మాటలోనే అసలు కథంతా ఉన్నది.

కొయ్య అంత గట్టిగా ఎందుకుంటుందో ముందు చూద్దాం. మన పల్లెల్లో తడికె కట్టి, దానిమీద మట్టి మెత్తి గోడ పెడతారు గదా! కొయ్య కట్టుబడి కూడా అలాంటిదే. సెల్యులోజు అనే నారపోగులు తడికె. వాటి సందుల్లో బిగిసిన లిగ్నిన్ అనే పదార్థం మట్టి. గడ్డిలోని సెల్యులోజును ఆవు తన కడుపులోని సూక్ష్మజీవుల సాయంతో అరాయించుకుంటుంది. లిగ్నిన్ మాత్రం ఆవుకు లొంగదు. దాన్ని పూర్తిగా విడగొట్టగల ప్రాణులు ప్రపంచంలో బహు కొద్ది. ఆ కొద్దిమందిలో మన మెరుగుతోలు వంశం ఒకటి. కొన్ని శిలీంధ్రాలు తడికెను మాత్రం తినేసి మట్టిని వదిలేస్తాయి. అప్పుడు కొయ్య గోధుమరంగుకు తిరిగి, ముక్కలు ముక్కలుగా పగిలిపోతుంది. మెరుగుతోలు జాతి తడికెనూ మట్టినీ కూడా తింటుంది. మిగిలేది పాలిపోయిన మెత్తని పీచు.

ఇంతకూ తినేది ఆ మెరిసే బల్ల కాదు. అది పండు మాత్రమే. మామిడిపండును చూసి మామిడిచెట్టును చూశామనుకుంటే ఎలా ఉంటుంది? అసలు ప్రాణి వెంట్రుక కంటె సన్నని దారపుపోగుల రూపంలో కొయ్య లోపల పాకుతూ ఉంటుంది. తన రసాలతో కొయ్యను కరిగించి పీల్చుకుంటుంది. ఏళ్లతరబడి తిని, బలిసి, విత్తులు వెదజల్లే సమయం వచ్చినప్పుడు మాత్రమే బయటికి పండు పెడుతుంది. ఆ విత్తులు ఎన్ననుకున్నారు? ఈ వంశంలోనే వెడల్పాటి జాతి ఒకటున్నది. దాని పెద్ద పండు ఒక్కటి రోజుకు 3,000 కోట్ల విత్తులు రాల్చగలదని లెక్కగట్టారు. దాని తెల్లని అడుగుభాగం మీద పుల్లతో గీస్తే గీత గోధుమరంగుకు తిరిగి నిలిచిపోతుంది. అందుచేత పడమటి దేశాలలో చిత్రకారులు దానిమీద బొమ్మలు కూడా వేస్తారు.

అడవిలో ఈ వంశం చేసే పని లోకోపకారమే. కూలిన మానును కరిగించి మట్టిలో కలిపేవాళ్లే లేకపోతే, కొత్త మొక్కకు చోటూ ఉండదు, ఎరువూ ఉండదు. చిక్కల్లా అది అడవి దాటి తోటలోకి వచ్చినప్పుడే.

కొబ్బరితోటలో దీని చేష్టను మన రైతులు బంక తెగులు అంటారు. తమిళదేశంలో 1952లో తుపాను తరువాత తంజావూరు ప్రాంతపు తోటలలో ఇది విజృంభించింది. అక్కడివాళ్లకు ఇది నేటికీ తంజావూరు తెగులే. కన్నడదేశంలో పోకతోటలకు పడితే అణబె రోగమన్నారు. అణబె అంటే వాళ్ల భాషలో పుట్టగొడుగే. మలేషియా, ఇండొనీషియాలలో ఆయిల్‌పామ్ తోటలను కూల్చేది దీని దాయాది మరొకటి.

తెగులు వేళ్లనుంచి మొదలవుతుంది. చుట్టూ ఉన్న కింది మట్టలు వడలి, పసుపుపచ్చబడి వేలాడతాయి. కాయ తగ్గుతుంది. కాండం మొదట్లో పగుళ్లు వచ్చి, వాటిలోనుంచి ఎర్రటి బంక కారుతుంది. ఆ మరక క్రమంగా పైకి పాకుతుంది. మామిడి, వేప వంటివైతే ఒక కొమ్మ పోతే మరొక కొమ్మ చిగురిస్తుంది. కొబ్బరికి ఉన్నది ఒకే మాను, ఒకే మొవ్వు. మొదలు పుచ్చిపోతే ఇక మరో దారి లేదు. మెరిసే పండు తరచు చిట్టచివర, అంతా అయిపోవచ్చిన తరువాత గాని కనిపించదు. మా కుర్రవాడు తెచ్చినది అదే.

తెగులు ఒక చెట్టునుంచి మరొక చెట్టుకు వేళ్ల ద్వారా, మట్టి ద్వారా పోతుంది. అందుచేత బంక కనిపించిన నాడే మేలుకోవాలి. తెగులు చెట్టు చుట్టూ సుమారు మూడడుగుల లోతున కందకం తవ్వి, వేళ్లను వేరుచేయాలి. ఆ చెట్టు పాదులో పారిన నీటిని మంచి చెట్ల పాదులోకి పోనివ్వకూడదు. చచ్చిన చెట్టును పైకి నరికి మొద్దు వదిలేయడమంటే శత్రువును ఇంట్లో పెట్టి పోషించడమే. వేళ్లతోసహా పెకలించి కాల్చాలి. మంచి చెట్లకు ఏటా అయిదేసి కిలోల వేపపిండి వేయాలి. దానితో ట్రైకోడెర్మా అనే మరో శిలీంధ్రాన్ని కలిపి వేయమని ఉద్యానశాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ముల్లును ముల్లుతోనే తీయడమంటే ఇదే కాబోలు! అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రమున్నది. కోనసీమవారికి సలహా పెరటిలోనే దొరుకుతుంది.

ఇక ఈ వంశంలోనే రాజభోగం అనుభవించిన శాఖ ఒకటున్నది. చీనాదేశంలో దాన్ని లింగ్‌ఝీ అంటారు, జపానులో రెయిషి. చీనావారు దాన్ని దీర్ఘాయువుకు చిహ్నంగా భావించి, పటాలలో చిత్రించారు, రాజభవనాల అలంకారాలలో చెక్కారు. చాలాకాలం దాన్ని ఐరోపాలోని మెరుగుతోలుతో ఒకటే జాతి అనుకున్నారు. అది వేరే జాతి అని చీనా శాస్త్రజ్ఞులు 2012లో తేల్చి, కొత్త పేరు పెట్టారు. ఇప్పుడు అది రంపపుపొట్టు సంచులలో పెరిగి, పొడిగా, గొట్టాలుగా, కాఫీపొడిలో కలిపి, మన వీధివీధికీ వస్తున్నది.

మా స్టాఫ్‌రూములో ఒక సహోద్యోగి అలాంటి సీసా ఒకటి చూపించాడు. వాళ్ల అమ్మగారికి చాలా ఏళ్లుగా షుగరు. తెలిసినాయన ఒకడు ఇంటికి వచ్చి, ఇది వాడితే మరో మందు అక్కరలేదని చెప్పి, వేలరూపాయల సరుకు అంటగట్టి పోయాడట. ఆవిడ మాత్రలు మానేసింది. "ముఖంలో కళ వచ్చిందిరా" అని సంతోషించింది కూడా. నెల తిరిగేసరికి పరీక్షలో చక్కెర బాగా పెరిగి కనిపించింది. డాక్టరు మందలించి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాడు.

ఆ శిలీంధ్రంలో గుణమే లేదని నేననను. శాస్త్రజ్ఞులు దాన్ని పరిశోధిస్తూనే ఉన్నారు. ఐతే ప్రపంచంలోని పరీక్షలన్నీ వడపోసి చూసే కోక్రేన్ సంస్థవారు 2015లో ఈ సంగతి పరిశీలించి, మధుమేహానికి దీన్ని వాడమనడానికి ఆధారాలు లేవన్నారు. క్యాన్సరుకు దీన్నే ప్రధాన చికిత్సగా వాడడానికి తగిన ఆధారాలు లేవని 2016లో చెప్పారు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకునేవారు దీని జోలికి పోయేముందు డాక్టరును అడగడం క్షేమం.

ఆలోచిస్తే, షుగరు జబ్బు పనితీరు కూడా బంక తెగులు పనితీరే. నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు. కళ్లనూ మూత్రపిండాలనూ లోపలినుంచి తొలుచుకుపోతుంది. బయటికి కనిపించేనాటికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. తోటలోనైనా, ఒంట్లోనైనా పైమెరుపును నమ్ముకుంటే జరిగేది ఇదే. మొదలు చూడాలి, పరీక్ష చేయించాలి.

కొబ్బరిచెట్లున్నవారు ఈ ఆదివారం తోటలోకి వెళ్లినప్పుడు, అలవాటుగా గెలవైపు కాకుండా, ఒక్కసారి వంగి చెట్టు మొదలు చూడండి. ఇంట్లో పెద్దవాళ్లున్నవారు వాళ్ల మందులపెట్టె తెరిచి, పాత మాత్రలు అయిపోతున్నాయో, అలాగే మిగిలిపోతున్నాయో లెక్కపెట్టండి.