గాలి ఒక్కటే చెట్టుకు కూడు కాదు

బొగ్గుపులుసు వాయువు పెరిగితే భయమెందుకు, అది చెట్లకు మేతే కదా, అడవి ఏపుగా పెరిగి అంతా మింగేస్తుంది అంటున్నారు కొందరు చదువుకున్న పెద్దలు. మేము ఒప్పుకోం.

ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర, ముదురు నీలగిరి అడవిలో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఆ వాయువును వదిలి చూశారు. మామూలు గాలికన్నా పది లక్షల పాళ్లకు 150 పాళ్లు ఎక్కువ. 2020లో లెక్క చెప్పారు: చెట్లు 12 శాతం ఎక్కువ పీల్చాయి, మానులు మాత్రం లావెక్కలేదు. ఎక్కువగా తిన్నదాంట్లో చాలాభాగం చెట్ల శ్వాసతో, నేలలోని సూక్ష్మజీవుల శ్వాసతో మళ్లీ గాలిలోనే కలిసింది. ఆ నేలలో భాస్వరం తక్కువ. అమెరికాలోని టెన్నెసీలో లేత తోట మొదట్లో ఏపుగా పెరిగింది. నేలలో నత్రజని చాలక కొన్నేళ్లకు ఆ ఏపు తగ్గింది.

పోడు చేసిన మాకు ఇది కొత్త సంగతి కాదు. సారం తగ్గిన చేనును మా పెద్దలు బీడు వదిలేది అందుకే. ఎండా వానా ఎంతున్నా నేల ఇవ్వనిదే గింజ పట్టదు.

మరి గనుల కోసం ఇప్ప, మద్ది, తునికి నరికి, ఇంకెక్కడో మొక్కలు నాటి లెక్క సరిపోయిందని ఎట్లా అంటారు? మా పోడు భూముల్లో జామాయిల్ వేసి దాన్ని అడవి అనకండి. పొగ మీది, ముందు దాన్ని తగ్గించండి. అడవిని కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకిచ్చింది. దాన్ని మా చేతికివ్వండి.