నేర్చుకునే గంటలు ఎవరివి?

కుటుంబమంతా బండ్ల మీద దూరప్రయాణం అనుకోగానే మన ఇళ్ళలో రెండు జాబితాలు తయారవుతాయి. మగవాళ్ళ జాబితాలో టైర్లు, బ్రేకులు, ఇంజనాయిలు, చైను. ఆడవాళ్ళ జాబితాలో సకినాలు, చపాతీలు, పిల్లల స్వెట్టర్లు, అత్తగారి మాత్రలు. మొదటిదాన్ని ‘ప్రిపరేషన్’ అంటారు. రెండోదానికి పేరు లేదు.

నారాయణఖేడ్‌లో మా కుటుంబం సంక్రాంతి సెలవుల్లో తుల్జాపూర్ వెళ్ళాలనుకుంది. బీదర్, బసవకల్యాణ్, ఉమర్గా, నల్‌దుర్గ్ మీదుగా రెండొందల కిలోమీటర్లు దాటే దారి. మూడు రాష్ట్రాలు, మూడు భాషలు. ఖేడ్ వాళ్ళకు ఇదేమీ పరాయి దేశం కాదు, సంబంధాలకీ బేరాలకీ అటు పోయిరావడం తాతలనాటి అలవాటు. నాలుగు బండ్లు. నడిపేవాళ్ళలో కొత్తవాళ్ళు ముగ్గురు: మా వదిన, మా చెల్లెలు, వదిన కొడుకు. వాడికి పదిహేడేళ్ళు. ఇంట్లో చర్చంతా మొదటి ఇద్దరి గురించే. “రోడ్డు మంచిగ లేదు, లారీలుంటయి, వదినా నువ్వు ఎన్కనే కూసో” అని మా తమ్ముడి తీర్పు. గేరు బండికి పద్దెనిమిదేళ్ళు నిండాలని చట్టం చెబుతోంది కాబట్టి పిల్లవాడికి లైసెన్సు రాదు. వదిన దగ్గర లెర్నర్స్ లైసెన్సు ఉంది. అయినా వాడు ‘నడుపుతడు’, ఆమె ‘నేర్చుకుంటున్నది’. క్రియాపదాల్లో పితృస్వామ్యం ఎంత హాయిగా కాళ్ళు చాపుకుందో చూడండి. వాడిని బండి దించమన్నది నేనొక్కదాన్నే.

భద్రతను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. లెర్నర్స్ లైసెన్సుతో నేర్పేవాళ్ళని తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. ముప్ఫై రోజులు గడిస్తేగాని అసలు లైసెన్సు పరీక్షకు వెళ్ళలేం. నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించుకుంటే బిడ్డను నడిపే మనిషికి కట్టే పట్టీ ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఈ నిబంధన 2022లో వచ్చింది. మా చెల్లెలి కూతురికి మూడేళ్ళు. అంటే ఆ పిల్లను ఎవరు ఎక్కించుకున్నా ఈ ప్రయాణం నలభైలోనే సాగాలి. మరి ‘ఆడవాళ్ళతో లేటవుతుంది’ అన్న మాట ఎక్కడిది? జనవరిలో ఆ దారిలో చెరకు ట్రాక్టర్లు వెనక లైట్లు లేకుండా తిరుగుతాయి. పొద్దున మంచు విడిచాకే కదలాలి, చీకటి పడకముందే ఆగాలి, నెమ్మదిగా నడిపేవాళ్ళు ముందుండాలి, రాత్రికి బసవకల్యాణ్‌లో బస చేయాలి. ఇరవై ఏళ్ళుగా నడుపుతున్న మా అన్నకూ ఇవే జాగ్రత్తలు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికే ఇవన్నీ గుర్తుకురావడాన్ని పెత్తనమనే అంటాను. అంత జాగ్రత్తపరుడైన అన్న వదినకిచ్చిన హెల్మెట్ తన పాతది. ఆమె తల మీద అది గిరగిరా తిరుగుతుంది.

చట్టమూ మనల్ని ఎక్కడ కూర్చోబెట్టిందో చూడండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం ప్రతి మోటారు సైకిలుకీ పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే మెట్టు, వెనక కూర్చున్న మనిషి బట్టలు చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే కాపు ఉండాలి. దాన్నే మనం శారీ గార్డు అంటున్నాం. అది ప్రాణాలు కాపాడుతుంది, కాదనను. కానీ బండి షోరూము నుంచి మన సీటు ఖరారై మరీ వస్తోంది!

అసలు సంగతి గంటలది. పొద్దున ఐదింటికి మైదానంలో ప్రాక్టీసు అని అందరూ కలిసే నిర్ణయించారు. ఐదింటికి వదిన పొయ్యి దగ్గరుంటుంది. నేను లెక్క రాశాను: పద్నాలుగు రోజుల్లో ఆమె బండెక్కింది మూడు రోజులు, ఇరవయ్యేసి నిమిషాలు. క్లచ్చు వదలడం, ఎత్తులో బండి ఆపి మళ్ళీ కదిలించడం, ఇసుకలో బ్రేకు పట్టడం ఒంటికి అలవాటు కావాల్సిన పనులు. గంటలు పోస్తేనే వస్తాయి. ఆ గంటల్ని వంటింట్లో ఖర్చుపెట్టించి, తర్వాత “ఆమెకింకా రాదు” అంటారు.

2018లో హైదరాబాద్ నుంచి జై భారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, శాంతి మోటారు సైకిళ్ళ మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి దాదాపు 17 వేల కిలోమీటర్లు తిరిగొచ్చారు. మార్చి 8న అలాంటి ఫొటోలు పంచుకోవడంలో మా ఇంటి మగవాళ్ళే ముందుంటారు. ఆ ఫొటోకన్నా, జై భారతి ఆ తర్వాత స్త్రీలకు బండి నేర్పడానికి ‘మోవో’ సంస్థ పెట్టడం నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉండగా సైకిలు నేర్చుకోవడాన్ని అక్షరాస్యతా ఉద్యమంలో భాగం చేశారు. చదువుతోపాటు దానికీ ఒక వేళ దొరికింది. వేలాదిమంది పల్లె స్త్రీలు సైకిళ్ళెక్కారు. వాళ్ళంతా సాహసవంతులై పుట్టారా?

బసవకల్యాణ్‌కి పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి నడిచొచ్చిందంటారు. ఆమె ఇల్లు వదిలి వచ్చింది. మా వదిన ఇంటిని వెంటబెట్టుకుని, డబ్బాలతో సహా, రావాలి.

ప్రయాణం శివరాత్రికి వాయిదా వేయమన్నాను. ఈలోగా పొద్దుటి వంట మగవాళ్ళదన్నాను. వాయిదాకి వెంటనే ఒప్పుకున్నారు. వదిన లైసెన్సు పరీక్షకి తేదీ తెచ్చుకుంది, శుక్రవారం పొద్దున. ఆ రోజు టిఫినెవరు చేస్తారో ఇంకా తేలలేదు.