ఒట్టుకు లొంగని నిద్ర

చిత్తూరుకు పదకొండు, పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున ఉన్న కాణిపాకానికి జనం మొక్కు తీర్చుకోవడానికి ఎంత వస్తారో ఒట్టు వేయడానికీ అంత వస్తారు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి సత్యప్రమాణం చేశాక అబద్ధమాడినవాణ్ణి సామి వదలడని నమ్మకం. అప్పు తీర్చేశానన్నవాడూ, దొంగతనం తనది కాదన్నవాడూ ఇక్కడికే వస్తారు. రాజకీయ నాయకులు సైతం కాణిపాకంలో ప్రమాణానికి సిద్ధమా అని ఒకరినొకరు సవాలు చేసుకుంటూ ఉంటారు. అన్నిటికంటే ఎక్కువ కన్నీళ్లు కలిసిన ఒట్టు మాత్రం తాగుబోతుది. పక్కన భార్యో తల్లో నిలబడి ఉంటే, "సామీ, ఇంక తాగను" అని చేతులు జోడిస్తాడు.

ఈ ఒట్టును చూసి హేతువాది ముఖం తిప్పుకోనక్కర్లేదు. నలుగురి ముందు ఇచ్చిన మాటను తప్పడానికి మనిషి జంకుతాడు. ఆ జంకు కొన్నాళ్లయినా చేతిని సీసా దగ్గరికి పోనివ్వదు. ఇందులో మహిమ ఏమీ లేకపోయినా మనిషి మనసుకు సంబంధించిన నిజం ఉంది. చిక్కంతా ఒట్టు వేసిన రాత్రి నుంచి మొదలవుతుంది. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టదు.

కారణం శరీరంలోనే ఉంది. మెదడులో జోరు తగ్గించే రసాయనాలూ ఉంటాయి, జోరు పెంచేవీ ఉంటాయి. సారాయి గానీ బ్రాందీ గానీ మొదటి రకానికి బలం ఇచ్చి రెండోదాన్ని అణుస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగితే మెదడు ఆ లెక్కకు సర్దుకుని, తన వంతుగా జోరును పెంచి ఉంచుకుంటుంది. ఉన్నట్టుండి మందు ఆగిపోతే ఆ జోరును అడ్డుకునేది ఉండదు. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, గుండె దడదడలాడుతుంది, కంటికి కునుకు రాదు. బాగా ముదిరిన తాగుడైతే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల లేని మనుషులు కనిపించడం, ఊరూపేరూ తెలియని గందరగోళం పుట్టవచ్చు. దీన్ని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. అది తప్పినా, నిద్రలేమి ఒక్కటి వారాలు, కొందరికి నెలలు ఉండిపోతుంది.

ఇంట్లో మాత్రం దీనికి వేరే అర్థం చెబుతారు. "సామి ముందర ఒట్టేసి మనసులో ఏదో దాచిపెట్టుకున్నాడు, అందుకే నిద్దర పట్టలే" అంటారు. కనపడనివాళ్లు కనపడితే గాలి సోకిందని తాయెత్తు కడతారు. అసలే మెలకువతో నలిగిపోతున్న మనిషి మీద దేవుడికి కోపం వచ్చిందన్న భయం కూడా పడుతుంది. భయం ఉన్నచోట నిద్ర రాదు. పదో రాత్రో ఇరవయ్యో రాత్రో, ఒక్క కునుకు కోసం అతను మళ్లీ సీసా పట్టుకుంటాడు. మందు తొందరగా పడుకోబెడుతుంది గానీ, సగం రాత్రి గడిచేసరికి దాని మత్తు దిగి నిద్రను ముక్కలు చేస్తుంది. అది తెలిసేలోపే ఒట్టు తప్పాడన్న మచ్చ పడిపోతుంది. ఒట్టు వేయించడానికి తోడొచ్చిన ఆ నలుగురే, అంతకు ముందు ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఉంటే ఈ కథ వేరుగా నడిచేది. మానడానికి సాయపడే మందులున్నాయి, ఆ మొదటి వారం దాటించే పద్ధతులున్నాయి. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

తాగుడు ఊసే లేని ఇళ్లలో నిద్ర పట్టకపోతే ముందు మంచం దిక్కు చూస్తారు. ఉత్తరం వైపు తల పెట్టకూడదని అందరికీ తెలుసు. ఎందుకని అడిగితే వినాయకుడి కథే చెబుతారు: ఉత్తరానికి తలపెట్టి పడుకున్న ఏనుగు తలే శివుడి గణాలు నరికి తెచ్చాయట. శివపురాణంలో ఉన్నది వేరు. ఉత్తర దిక్కుగా పోయి మొదట ఎదురైన ప్రాణి తల తెమ్మంటాడు శివుడు, ఒంటిదంతపు ఏనుగు ఎదురవుతుంది. ఉత్తరం తల కోసం వెళ్లినవాళ్లు నడిచిన దారి, ఏనుగు పడక దిక్కు కాదు. మన ఇళ్లలో చవితినాడు చదువుకునే వ్రతకథలో ఆ తల గజాసురుడిది. ఒకే తలకు ఇన్ని కథలున్నప్పుడు, అందులో ఒకదాన్ని పట్టుకుని మంచాలు తిప్పడం దేనికి?

కథ సరిపోని చదువుకున్నవాళ్ల కోసం ఈ మధ్య అయస్కాంతం వచ్చింది. భూమికి అయస్కాంత శక్తి ఉంది, రక్తంలో ఇనుముంది, ఉత్తరానికి తలపెడితే రక్తం తలకెక్కుతుంది అంటారు. లెక్క చూద్దాం. దక్షిణ భారతంలో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం మామూలుగా 1.5 టెస్లాలు, అంటే ముప్పై వేల రెట్లకు పైమాట. అందులో అరగంట పడుకుని లేచినవాళ్ల రక్తం ఎటూ పరుగెత్తలేదు. రక్తంలోని ఇనుము మేకులోని ఇనుములా అయస్కాంతానికి అతుక్కునే రూపంలో ఉండదు. ప్రాణవాయువును మోస్తున్న హిమోగ్లోబిన్ అయస్కాంతం నుంచి రవ్వంత దూరంగానే జరుగుతుందని లైనస్ పాలింగ్, చార్లెస్ కొర్యెల్ 1936లోనే తేల్చారు.

నడిరేయి దాటాక వచ్చే మెలకువకైతే మన దగ్గర రెండు అర్థాలున్నాయి. ఒక ఇంట్లో అది దయ్యాలు తిరిగే వేళ, పక్కింట్లో దేవుడు లేపిన బ్రహ్మముహూర్తం. నిద్ర గంటన్నర చొప్పున ఆవృత్తులుగా సాగుతుంది. తెల్లవారుజాముకు దగ్గరయ్యేకొద్దీ పలచబడుతుంది, చిన్న చప్పుడుకూ మెలకువ వస్తుంది. అది అందరికీ వచ్చేదే. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, అరవబోతే నోరు పెగలనట్టు అనిపించడమూ ఇలాంటిదే. కలలు వచ్చే నిద్రలో శరీరం కండరాలను కదలకుండా కట్టేసి ఉంచుతుంది. మెదడు ఒక్క క్షణం ముందుగా లేస్తే ఆ కట్టు ఇంకా విడివడి ఉండదు. దిండు కింద కత్తి పెట్టినా చీపురు పెట్టినా అది నిమిషంలోపో రెండు నిమిషాల్లోనో దానంతట అదే పోతుంది. పేరు మాత్రం కత్తికి దక్కుతుంది.

ఇక నిజంగా నిద్ర కరువైనవాళ్ల సంగతి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున రైతులు పంట మీద పడే ఏనుగులకు భయపడి మంచె మీద రాత్రిళ్లు కాపలా ఉంటారు. వాళ్లకున్నది నిద్రలేమి జబ్బు కాదు, పడుకునే వీలు లేకపోవడం. వాళ్లకు కావలసినవి కందకాలూ కంచెలూ నష్టపరిహారమూ. పడుకునే వీలుండీ, వారంలో మూడు రాత్రులైనా, మూడు నెలలుగా నిద్ర పట్టక, పగలు పనికి అడ్డం వస్తుంటే అది వైద్యం అవసరమైన నిద్రలేమి.

దానికి మొదటి మందు మాత్ర కాదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే చికిత్సతో మొదలుపెట్టమంది. అందులో పాత సూత్రం 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పినదే: నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి. ఇరవై నిమిషాలుగా దొర్లుతున్నట్టనిపిస్తే లేచి, మసక వెలుతురులో ఇంకోచోట కూర్చోవాలి. గడియారం చూడకూడదు, ఫోను ముట్టకూడదు. మళ్లీ కళ్లు మూతలు పడ్డాకే మంచం దగ్గరికి. దొర్లే రాత్రులు ఎన్ని గడిస్తే మంచం అంతగా మెలకువకు గుర్తయిపోతుంది. ఆ గుర్తును చెరపడమే ఈ పద్ధతి పని.

ఇక్కడే ఒట్టుకూ నిద్రకూ ఉన్న తేడా బయటపడుతుంది. సీసా ముట్టనని పట్టుబట్టవచ్చు. ఈ రాత్రి నిద్రపోయి తీరతానని పట్టుబడితే ఆ పట్టుదలే మేలుకొలుపు అవుతుంది. పట్టుబట్టాల్సింది లేచే వేళ మీద. రాత్రి ఎలా గడిచినా, ఆదివారమైనా పండగైనా ఒకే వేళకు లేచి ఎండలోకి రావాలి. శరీరంలోని గడియారం ఉదయపు వెలుతురుతో సర్దుకుంటుంది. పాల కేంద్రానికి వేళకు పాలు పోయాల్సిన చిత్తూరు జిల్లా ఆడవాళ్లకు ఈ పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేదు. పొదుగు నిండిన ఆవు కొట్టంలో అరుస్తుంటే ఎవరు పడుకోగలరు?

కాఫీ మాటా చెప్పాలి. తమిళనాడుకు ఆనుకున్న ఈ సీమలో సాయంత్రం కాఫీ లేని ఇల్లు అరుదు. కెఫీన్‌లో సగం కరగడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఐదింటికి తాగిన కాఫీ పదింటికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టనివాళ్లు మధ్యాహ్నం తర్వాత దాన్ని ఆపి చూడాలి.

గురక పెట్టి ఊపిరి ఆగుతున్నట్టు ఉలిక్కిపడేవాళ్లకూ, బతుకు మీద విరక్తి కలిగినవాళ్లకూ ఈ అలవాట్లు చాలవు. గురక ఉన్నవాళ్లు ఆసుపత్రికి పోవాలి. మనసు కుంగినవాళ్లకు 14416 అనే టెలి మానస్ నంబరు ఉంది. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తాగుడు మానాలనుకునేవాళ్లు కాణిపాకం బస్సెక్కే ముందు కూడా దానికి ఫోను చేయవచ్చు.

నిద్రలేమికి డాక్టరు దగ్గరికి వెళితే సాధారణంగా ముందు అడిగేది రెండు వారాల నిద్ర లెక్క. మంచమెక్కిన వేళ, దాదాపుగా నిద్ర పట్టిన వేళ, లేచిన వేళ, ఆ రోజు తాగిన కాఫీ, మందు. దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో రాహుకాలం అచ్చువేసిన గడిలోనే ఖాళీ ఉంటుంది. ఉదయం లేవగానే పెన్సిలుతో అక్కడ రాసుకుంటే చాలు. ఎనిమిది గంటలు మంచం మీద ఉండి ఐదున్నరే నిద్రపోతున్నట్టు లెక్క తేలితే, వైద్యుడు మంచం మీద ఉండే కాలాన్ని ఆ ఐదున్నరకే కుదించి, నిద్ర చిక్కబడేకొద్దీ పావుగంట చొప్పున పెంచుతాడు. ఆ వారాల్లో పగలు మత్తుగా ఉంటుంది గనుక లారీ, ఆటో నడిపేవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు తమంతట తాము దీన్ని మొదలుపెట్టకూడదు.