క్లచ్ మనమే మార్చుకుంటే...?

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికి కార్లో ఏదో కాలిన వాసన. 'అడవిలో ఎవరో చెత్త తగలబెడుతున్నట్టున్నారు' అన్నాడాయన. వెనక సీట్లో కూర్చున్న ఆవిడ కిటికీ అద్దం దించి బయటికి చూసింది. ఎక్కడా పొగ లేదు. ఇంజిను మాత్రం హోరుమంటోంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చప్పుడు పెరుగుతోందే కానీ బండి ముందుకు ఉరకడంలేదు. మలుపు దగ్గర వెనకున్న బస్సు హారన్ మోత. ఎలాగోలా పక్కకు తీసి ఆపేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. అసలే నల్లమల. రాత్రి బాగా పొద్దుపోతే ఆ దారిలో బండ్లనే అనుమతించరు. అరగంట ఆగి, కాస్త చల్లారాక, యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా నెమ్మదిగా కొండెక్కి దర్శనం అయిందనిపించారు.

విజయవాడలో ఉండే ఆ కుటుంబానికి ఉన్నది ఒకటే కారు. 13 ఏళ్ల ఆల్టో. పెళ్లిళ్లకూ ఆస్పత్రులకూ అన్నింటికీ అదే. ఊళ్లోకి రాగానే ఇంటి దగ్గరున్న షెడ్డులో చూపించారు. మెకానిక్ ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చి 'క్లచ్ అయిపోయింది సార్. గేర్‌బాక్స్ దించాలి' అన్నాడు. సామాన్లకింత, లేబర్‌కింత అని చిన్న కాగితం మీద రాసిచ్చాడు. ఆ రెండో అంకె దగ్గరే ఆయన చూపు ఆగిపోయింది. ఓ ప్లేటు తీసి ఇంకో ప్లేటు పెట్టడానికి అంతా?

'బావా, మనమే మార్చేద్దాం' అన్నాడు బావమరిది. వారం రోజులుగా అతగాడు చూస్తున్నవి క్లచ్ వీడియోలే. 'ఇరవై నిమిషాల వీడియో. అంతే!' అన్నాడు. అమెరికాలో ఉన్న అల్లుడు ఫోన్లో వంతపాడాడు. 'ఇక్కడ షెడ్డువాళ్లు గంటల లెక్కన తీసుకుంటారు మామయ్యా. అందుకే చాలామంది ఇంటి గ్యారేజీలోనే చేసుకుంటారు.' స్పీకర్‌లో వింటున్న ఆవిడ ఊరుకుంటుందా... 'నువ్వెప్పుడన్నా క్లచ్ మార్చావా బాబూ?' అని అడిగింది. 'మాది ఆటోమేటిక్ అత్తయ్యా. క్లచ్ పెడలే ఉండదు' అన్నాడతను.

అల్లుడి మాటలో అబద్ధంలేదు. అక్కడ ఇలాంటి పనికి సామాన్ల కన్నా పనివాడి గంటలకే ఎక్కువ అవుతుంది. మన దగ్గర చిన్న కార్ల సంగతి వేరు. మామూలు షెడ్డులో లేబర్ చార్జి చాలాసార్లు క్లచ్ సెట్టు ధర దాటదు. కాబట్టి అక్కడివాళ్లు మిగుల్చుకున్నంత ఇక్కడ మిగలదు. లెక్క ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

జారేదెక్కడ?

రెండు అరచేతులూ గట్టిగా అదిమి ఒకదాన్ని తిప్పితే రెండోదీ తిరుగుతుంది. సబ్బు నురగ ఉంటే జారిపోతుంది. క్లచ్ చేసేదీ అంతే. ఇంజినుతోపాటు తిరిగే బరువైన ఇనుప చక్రం ఫ్లైవీల్. దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు. ఆ ప్లేటును ఫ్లైవీల్‌కేసి అదిమిపట్టేది ప్రెషర్ ప్లేటు. మనం పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ వెళ్లి ఆ ప్రెషర్ ప్లేటు స్ప్రింగును నొక్కుతుంది. పట్టు వదులుతుంది. అప్పుడు గేరు మార్చుకుంటాం. ప్లేటుకు రెండువైపులా ఉండే లైనింగు ఏళ్ల తరబడి రాపిడికి అరిగిపోతుంది. అరిగినా, దానిమీద నూనె పడినా పట్టు తప్పి జారుతుంది. ఘాట్ రోడ్డులో వచ్చిన వాసన ఆ లైనింగు కాలిన వాసనే.

అయితే జారుతోందనగానే గేర్‌బాక్స్ దించక్కర్లేదు. పాత ఆల్టో, మారుతి 800 లాంటి వాటిలో పెడల్‌కూ క్లచ్‌కూ మధ్య ఉండేది ఒక కేబుల్. అది మరీ బిగుతుగా ఉంటే పెడల్ మీద కాలు పెట్టకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే ఉంటుంది. కొత్త ప్లేటయినా జారుతుంది. పెడల్ మొదట్లో కాస్త ఖాళీగా కదలాలి. ఎంతన్నది కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ నట్టు తిప్పి సరిచేయడానికి ఒకటి రెండు పానాలు, పది నిమిషాలు చాలు. ఇది ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. చేసుకోవాలి కూడా. దీంతో పోయే జబ్బుకు క్లచ్ మొత్తం మార్పించుకున్నవాళ్లు లేకపోలేదు!

ఇంకో పరీక్షా ఉంది. ఎదుట ఎవరూ లేని చదును చోట హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, కుడికాలితో బ్రేకు తొక్కిపట్టి, ఇంజిను నడుస్తుండగా పై గేరు వేసి క్లచ్ మెల్లగా వదలాలి. క్లచ్ బాగుంటే ఇంజిను గిలగిల్లాడి ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉందంటే జారుతున్నట్టే. సరదాగా ఉంది కదా అని నాలుగుసార్లు చేస్తే ఉన్న లైనింగూ పోతుంది. ఇక పెడల్ తొక్కినప్పుడు మాత్రమే గరగరమంటుంటే అనుమానం రిలీజ్ బేరింగ్ మీద. తొక్కగానే చప్పుడు ఆగిపోతుంటే గేర్‌బాక్స్ లోపలి బేరింగును చూడాలి. షెడ్డుకెళ్లేముందు ఇంతమాత్రం తెలిస్తే ఆ మాటల తీరే మారిపోతుంది.

బావాబావమరదులు కేబుల్ సరిచేశారు. పరీక్షా పెట్టారు. ఇంజిను ఆగలేదు. క్లచ్ నిజంగానే పోయింది.

అరగంట పనికి రెండు ఆదివారాలు

ప్లేటు తీసి ప్లేటు పెట్టడం నిజంగానే అరగంట పని. ఆ ప్లేటు దగ్గరకు చేరడమే అసలు పని. ఇంజినుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య దాక్కుని ఉంటుందది. ముందు బ్యాటరీ వైరు తీయాలి. స్టార్టర్ మోటారు, గేరు రాడ్లు, కేబుళ్లు, ఎర్త్ వైర్లు ఊడదీయాలి. గేర్ ఆయిలు దించాలి. ముందు చక్రాలు ఊడదీసి, కింది ఆర్మ్‌ను విడదీసి రెండు డ్రైవ్ షాఫ్టులూ బయటికి లాగాలి. గేర్‌బాక్స్ తీస్తే ఇంజిను ఒకవైపు వాలిపోతుంది కాబట్టి దానికో ఊతం ఇవ్వాలి. ఆ తర్వాతే గేర్‌బాక్స్ బోల్టులు. వాటిలో ఒకటో రెండో చెయ్యి దూరని చోటే ఉంటాయి. ఏళ్ల తరబడి వానకూ బురదకూ తడిసిన బోల్టు వీడియోలో ఊడినంత తేలిగ్గా ఊడదు. చేయి తిరిగిన మెకానిక్, ఓ సహాయకుడు కలిసి పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి బండి ఇచ్చేస్తారు. మొదటిసారి చేసేవాళ్లకు రెండు ఆదివారాలు పడుతుంది. మధ్యలో ఆరు రోజులు కారు ముక్కలుగా పోర్టికోలో ఉంటుంది.

బిగించేటప్పుడు మరీ జాగ్రత్త. ప్లేటుకు ముందూ వెనకా ఉంటాయి. తిరగేసి బిగిస్తే అంతా అయ్యాక పెడల్ తొక్కినా క్లచ్ వదలదు. మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సిందే. ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. దానికో గైడు ఉంటుంది. కూర్చోకపోతే గేర్‌బాక్స్ షాఫ్టు అందులోకి దూరదు. అప్పుడు చాలామంది చేసే తప్పు, బోల్టులు బిగించి బలవంతంగా దగ్గరకు లాగడం. దాంతో అల్యూమినియం కేసు పగిలే ప్రమాదముంది. గేర్‌బాక్స్ బరువంతా ప్లేటు మీద వేలాడనిస్తే కొత్త ప్లేటే వంగిపోతుంది. మిగుల్చుకుందామనుకున్న కూలి అలా పైపైన పోతుంది.

డబ్బు సంగతి సరే, ప్రాణం సంగతో? కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు కింద దూరకూడదు. ఇటుకలు అంతకన్నా ప్రమాదం. బరువు పడితే చెప్పాపెట్టకుండా పగిలిపోతాయి. గట్టి నేల మీద ఇనుప స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు వేసి, కారును పట్టి ఊపి చూశాకే కిందికెళ్లాలి. పాత క్లచ్ దుమ్మును నోటితో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందంటే ఏళ్ల తర్వాత జబ్బుగా బయటపడుతుంది. ఏ ప్లేటులో ఉందో ఏ ప్లేటులో లేదో చూసి చెప్పలేం. తడిగుడ్డతో తుడవడమే మేలు. ఈ జాగ్రత్త షెడ్డుల్లోనూ చాలాచోట్ల ఉండదు. అక్కడ పనిచేసే కుర్రాళ్లకు ఎవరూ చెప్పరు.

ఇంతా విన్నాక ఎవరూ చేసుకోకూడదా? అలాగేం లేదు. గట్టి చదును నేల, ఇనుప స్టాండ్లు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచి, తోడు ఇంకో మనిషి, పదిరోజులు కారు లేకుండా గడిచే వీలు... ఇవన్నీ ఉండి, ఇంతకుముందు బ్రేకులో, డ్రైవ్ షాఫ్టో విప్పి బిగించిన అలవాటుంటే నిక్షేపంగా చేసుకోవచ్చు. పనిముట్లన్నీ కొత్తగా కొనాలంటే మాత్రం ఒక్క క్లచ్‌కు గిట్టుబాటు కాదు. అదీ కేబుల్ క్లచ్ ఉన్న చిన్న కార్ల మాట. 2014లో సెలేరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ కార్లలో పెడల్ లేకపోయినా లోపల క్లచ్ ఉంటుంది. దాన్ని మార్చాక కంప్యూటర్ పెట్టి సరిచూడాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు.

ఆటోనగర్ బేరం

ఆదివారం పొద్దున్నే పోర్టికోలో కారు ముందుభాగం గాల్లోకి లేచింది. ఒకవైపు జాకీ, రెండోవైపు నాలుగు ఇటుకలు. బావమరిది చాప పరుస్తున్నాడు. ముగ్గు గిన్నెతో బయటికొచ్చిన ఆవిడ ఒక్క క్షణం చూసింది.

'ఏమండీ, దాని కింద ఎవరు పడుకుంటారు?'

'నేనే.'

'దించండి ముందు. ఆ లేబర్ డబ్బులు నేనిస్తాను.'

బేరాల్లేవు. కారు దిగింది. కానీ ఆయన పట్టుదల వేరే దారి తొక్కింది. క్లచ్ సెట్టు తనే కొంటానన్నాడు. విజయవాడలో ఉండి ఆటోనగర్‌కు వెళ్లకపోతే ఎలా? లారీల నుంచి కార్ల దాకా దొరకని సామాను లేని చోటు. కారు మోడల్, తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు రాసుకుని నాలుగు షాపులు తిరిగాడు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఉన్న సెట్టు, సీలు తీయని డబ్బాలో, బిల్లుతో తీసుకున్నాడు. ప్లేటొక్కటే మార్చి మిగతావి ఉంచేద్దామనే షాపువాడి సలహా వినలేదు. మంచి పని చేశాడు. బేరింగ్ మళ్లీ ఏడాదికి మొరాయిస్తే దాని ధరకు తోడు లేబర్ మళ్లీ మొత్తం కట్టాలి.

సామాన్లు మనమే తెస్తే కొందరు మెకానిక్‌లు ఒప్పుకోరు. వాళ్ల బాధా న్యాయమే. తెచ్చిన సామాను పాడైతే పని మీదకే వస్తుంది. అందుకే ముందే మాట్లాడుకోవాలి. ఈ షెడ్డులో అతను ఒప్పుకుని, పనికి మాత్రమే హామీ అని చెప్పాడు. ఆయన దానికి సరేనని, పాత సామాన్లు తనకివ్వాలనీ, గేర్‌బాక్స్ దించినప్పుడు పిలవాలనీ అడిగాడు.

మధ్యాహ్నం ఫోనొచ్చింది. వెళ్లి చూస్తే తీసిన ప్లేటు ఒకవైపు నల్లగా, నూనెతో జిడ్డు ఓడుతోంది. లైనింగు ఇంకా కొంత మిగిలే ఉంది. అంటే అరిగి పోలేదు, నూనె వల్ల జారింది. ఇంజిను వెనకవైపు క్రాంక్ షాఫ్టు ఆయిల్ సీలు కారుతోంది. మెకానిక్ దాన్ని వేలితో తుడిచి చూపించాడు. 'ఇది మార్చకపోతే కొత్త ప్లేటూ ఇంతే సార్.' చిన్న రబ్బరు రింగు. క్లచ్ సెట్టు ధర ముందు దాని ధర లెక్కలోకే రాదు. వీడియోలో దాని ఊసే లేదని బావమరిది తర్వాత ఒప్పుకున్నాడు. ఇంట్లోనే చేసి ఉంటే కొత్త ప్లేటు మెరుస్తుంటే మురిసిపోయి బిగించేసేవారు. మళ్లీ ఏ ఘాట్‌లోనో వాసన వచ్చేది. లేబర్ చార్జిలో సగం ఆ చూపుకే ఇచ్చినట్టు.

ఫ్లైవీల్ మీద వేడికి వచ్చిన నీలం మచ్చలు రెండున్నాయి. పగుళ్లు లేవు. తేలిగ్గా రుద్ది శుభ్రం చేశారు. కొత్త ప్రెషర్ ప్లేటుకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడిచేశారు. బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించారు. గేర్ ఆయిలు కొత్తది పోశారు. సాయంత్రం ఆరింటికి కారు సిద్ధం. ఆయన కాగితం మీద రాసిన లేబర్‌లో పైసా తగ్గించమనలేదు.

ఇంటికొస్తుంటే పెడల్ వెన్నలా ఉంది. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగారు. కొత్త క్లచ్‌కు మొదట్లో కొన్ని రోజులు ఎక్కువ శ్రమ పెట్టొద్దని మెకానిక్ చెప్పిన మాట ఆయన వివరిస్తున్నాడు. పక్క సీట్లో ఆవిడ వింటూనే కిందికి చూసింది.

'ఏమండీ... గేరు వేశాక కూడా ఎడమకాలు పెడల్ మీదే పెట్టారేం?'

ఆయన కాలు తీసి పక్కన పెట్టాడు. సిగ్నల్ పడింది.