బెంచీ ఖర్చు ఎవరిది?

విదేశాల్లో మనవాళ్లు నడిపే ఐటీ కన్సల్టెన్సీలను విజయగాథలుగానే చెప్పుకుంటూ పోతే వాటి అసలు లెక్క ఎప్పటికీ తేలదు. ఆ లెక్క తీసినవారు చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్. హైదరాబాద్‌లో, సిడ్నీలో తెలుగు ఐటీ ఉద్యోగుల మధ్య తిరిగి, ఐటీ ఉద్యోగులను విదేశాలకు రప్పించి ఇతర కంపెనీలకు అద్దెకిచ్చే ‘బాడీ షాపింగ్’ వ్యాపారంపై 2007లో పుస్తకం వెలువరించారు. ఆ వ్యాపారంలో ఏజెంటూ మనవాడే, ఇంజినీరూ మనవాడే. చుట్టరికం, కులం, ఊరు పూచీగా నిలిచి వీసా ఇప్పిస్తాయి. ప్రాజెక్టు దొరకనప్పుడు జీతం లేకుండా బెంచీ మీద కూర్చున్నా నోరెత్తనివ్వనిదీ ఆ బంధాల మొహమాటమే. శిక్షణకు, ప్రయాణానికి పెట్టుబడి కొన్నిసార్లు కట్నంగా వచ్చిన డబ్బే. అంటే పెద్ద కంపెనీలకు అవసరమైనప్పుడే మనిషి దొరికే ఈ ఏర్పాటులో, ఖాళీ రోజుల ఖర్చు భరిస్తున్నది ఇక్కడి కుటుంబాలు, ముఖ్యంగా ఆడపిల్లను కన్నవాళ్లు. తిరుమలగిరి లాంటి ఊళ్లో అప్పు చేసి బిడ్డను విమానమెక్కించే తండ్రికి ఈ సంగతి ముందే తెలియాలి. బెంచీ కాలానికి జీతమెంత, కమీషన్ ఎంత అన్నది ప్రతి కన్సల్టెన్సీ తెలుగులో రాసివ్వాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. మన విశ్వవిద్యాలయాలు కూడా ఈ పరిశోధనను ఇంకా బయటివారికే వదిలేయకుండా తమ పనిగా చేపట్టాలి.