దుడ్డు ఎక్కడిది?

వెంకటగిరికోట వైపు పెద్దవాళ్లు డబ్బును ‘దుడ్డు’ అంటారు. పక్కనున్న కన్నడంలోనూ అదే మాట. ఒకప్పుడు దుడ్డంటే పది కాసుల రాగి నాణెం. రెండు దుడ్లయితే ఒక డబ్బు. మరి 1803లో, 1808లో మద్రాసు రాజధానికి వచ్చిన పది కాసుల నాణేలు ఎక్కడ తయారయ్యాయో తెలుసా? ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో!

అది మూడో జార్జి రాజు కాలం. మాథ్యూ బౌల్టన్ అనే కార్ఖానాదారు 1788లో అక్కడ ఆవిరియంత్రాలతో సోహో టంకశాల పెట్టాడు. రాగిరేకును గుండ్రటి బిళ్లలుగా కత్తిరించి, అచ్చు కొట్టి, పీపాలకెత్తి ఓడలెక్కించేవారు. మన ఉత్తర సర్కారులకు 1794లోనే రూపాయికి 48 చొప్పున చెల్లే రాగి నాణేలు తయారుచేశాడు.

1797 నుంచి అమెరికాకూ సరుకు వెళ్లింది. అయితే అవి అచ్చులేని ఉత్త బిళ్లలు! ఫిలడెల్ఫియాలోని సొంత టంకశాలలో వాటిపై స్వేచ్ఛాదేవత ముఖం ముద్రించుకున్నారు వాళ్లు. మనకేమో కంపెనీవారి డాలు, సింహాలు అక్కడే అచ్చయి వచ్చాయి. కార్ఖానా ఒకటే. ముద్ర వేసే హక్కు దగ్గరే వచ్చింది తేడా.

పంపినవన్నీ మనకు చేరలేదు. సుమారు 50 టన్నుల కాసులతో మద్రాసుకు బయల్దేరిన ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ ఓడ 1809 జనవరిలో గాలివానకు ఇంగ్లండు తీరంలోనే గుడ్‌విన్ ఇసుకమేటల్లో మునిగింది. 1980లలో గజ ఈతగాళ్లు లక్షలకొద్దీ నాణేలు పైకి తీశారు.

మీ ఇంట్లో పాత రాగి నాణేలున్నాయా? ఒకవైపు 1808, రెండోవైపు పారశీక అక్షరాల కింద ‘ఎక్స్ క్యాష్’ అని ఇంగ్లీషులో కనిపిస్తే భద్రంగా దాచండి. అవ్వాతాతలు చెప్పే దుడ్డు అదే.