టమోటా – మన వంటిల్లు

మదనపల్లె టమోటా విపణి దేశమందెల్ల పేరొందినది. 2023 జూలైలో అచ్చట కిలో వెల నూరు రూపాయలు దాటెను. అట్టి పండునే, ధర పడిపోయిన దినములలో, కోతకూలియైనను రాదని రైతులు బాటప్రక్కల పారబోయుట నేను కన్నులార చూచితిని. ఈ దోషమున మన వంటయింటికిని పాలు కలదని నా యభిప్రాయము.

మా బాల్యమున పుంగనూరు, కుప్పము ప్రాంతముల యిండ్లలో ఏ కాలమున పండినది ఆ కాలమున తినుటయే నియమము. టమోటాలు చవుకయైనపుడు ఉప్పు చల్లి యెండబెట్టి ఊరగాయ పెట్టెడివారు. ప్రియమైనపుడు చింతపండుతో పులుసు కాచెడివారు. రాగిసంగటికి ఆకుకూరపప్పు తోడయ్యెడిది. ఇది పేదల కూడని కొందరు చిన్నచూపు చూతురు. కాని నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పప్పుపై పిండిన నిమ్మరసములోని సి విటమిను ఆకుకూరలయందలి యినుమును దేహమునకు పట్టించును.

బాలలారా! మీరు పళ్లెము అంచునకు త్రోసివైచెడి కూరముక్క యొక రైతు చెమటకు ఫలము. చవుక దినములలో రెండు కిలోలు అధికముగా కొని, అమ్మతోబాటు మీరును తరిగి యెండబెట్టుడు. ఇంటింటను అట్లు చేసినచో రైతునకు ఆసరా యగును. మన యింట ఏడాది పొడవున రుచి నిలుచును.